మే నెలలో కొండమీది సరస్సు పక్కన గుడారం: పిల్లలతో, అమ్మతో ఎక్కడికి వెళ్లవచ్చు?

అనంతయాత్రి (అనంతపురం):
సభ్యులందరికీ నమస్కారం. పిల్లలకు వేసవి సెలవులు ఇచ్చిన తరువాత, మే నెల మధ్యలో కొన్ని రోజులు కొండమీద ఒక సరస్సు దగ్గర గుడారంలో ఉండి రావాలని మా ఇంట్లో అనుకుంటున్నాము. హోటలు గదిలో దిగి, కారులో తిరిగి, ఫోటోలు తీసుకుని వచ్చే ప్రయాణం మాకు వద్దు. పిల్లలు నేలమీద పడుకుని, తెల్లవారేసరికి ఎదురుగా నీళ్లు చూడాలన్నది నా కోరిక. నాతో నా భార్య, పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ వస్తారు. గండికోట దగ్గరే ఉండగా దూరమెందుకని కొందరు, వెళితే చంద్రతాల్‌కే వెళ్లాలని మరికొందరు అంటున్నారు. వెళ్లి వచ్చిన అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరా?

పెన్నాతీరం (జమ్మలమడుగు):
గండికోట మా ఊరికి పక్కనే ఉన్నది, ఆ చోటంటే నాకు ప్రాణం. అయినా మే నెలలో అక్కడ గుడారం వేయమని నేను ఎవరికీ చెప్పను. పెన్న కోసిన ఆ లోయ అంచులన్నీ క్వార్ట్‌జైట్ బండలు. పగలంతా ఎండను తాగిన బండ, పొద్దుగూకిన తరువాత ఆ వేడిని వదలడం మొదలుపెడుతుంది. అర్ధరాత్రి దాటినా కింద నుంచి సెగ తగులుతూనే ఉంటుంది. పైగా ఆ కొండ ఎత్తు గాలిని చల్లబరిచేంతది కాదు. కింద మైలవరం జలాశయం కనిపించినంత మాత్రాన చలువ రాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రండి. అప్పుడు లోయ అంచున సూర్యోదయం చూసి, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం, జామియా మసీదు తీరికగా తిరిగి, మరునాడు బెలుం గుహలకు వెళ్లవచ్చు. వేసవిలో మాత్రం ఏడేళ్ల పిల్లవాడిని, పెద్దావిడను అక్కడికి తీసుకురావద్దని నా గట్టి మాట.

బురుజునీడ (కర్నూలు):
పెన్నాతీరం గారు చెప్పినదానికి కొంత లెక్క జోడిస్తాను, ఎందుకంటే వేసవి ప్రయాణాల్లో మనవాళ్లు నీటిని చూసి చోటు ఎంచుకుంటారే గాని ఎత్తును చూడరు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఉష్ణోగ్రత ప్రతి వెయ్యి మీటర్లకు సగటున 6.5 డిగ్రీల చొప్పున తగ్గుతుంది. కడప సముద్రమట్టానికి దాదాపు 140 మీటర్ల ఎత్తున, అనంతపురం దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉన్నాయి. హార్సిలీ కొండ ఎత్తు 1,265 మీటర్లు. అంటే కడపలో 43 డిగ్రీలున్న రోజున హార్సిలీ కొండమీద 35, 36 డిగ్రీలుంటాయి. పగలు చెట్టు నీడన కూర్చోవచ్చు, రాత్రి హాయిగా ఉంటుంది, అంతకు మించి ఆశించకూడదు. తమిళనాడులోని ఏలగిరి ఎత్తు 1,110 మీటర్లు కాబట్టి అక్కడి సంగతీ దాదాపు ఇంతే. నిజమైన చల్లదనం కావాలంటే రెండు వేల మీటర్ల పైకి పోవాలి, లేదా ఉత్తరాదికి పోవాలి.

హంద్రీఒడ్డు (పత్తికొండ):
లెక్కలు బాగున్నాయి గాని, జీవితంలో ఒక్కసారి చేసే ప్రయాణానికి సగం చలువ, సగం అందం ఎందుకు? హిమాచల్ ప్రదేశ్‌లోని చంద్రతాల్‌కు వెళ్లండి. చుట్టూ చెట్టన్నది లేని కొండలు, మధ్యలో గంటగంటకూ రంగు మారే నీళ్లు. పిల్లలు పెద్దయ్యాక కూడా దానిని మరచిపోరు.

పినాకినినర్సు (కడప):
హంద్రీఒడ్డు గారూ, ఆ సరస్సు అందం గురించి మీరన్నదాంట్లో సందేహం లేదు. నేను ఆసుపత్రిలో పనిచేసేదాన్ని కాబట్టి శరీరం వైపు నుంచి మాట్లాడుతున్నాను. చంద్రతాల్ దాదాపు 4,300 మీటర్ల ఎత్తున ఉన్నది. మనాలి సుమారు 2,050 మీటర్లు. పొద్దున మనాలిలో బయలుదేరి సాయంత్రానికి చంద్రతాల్ దగ్గర పడుకునే కుటుంబం ఒక్క పగటిలో రెండు వేల మీటర్లకు పైగా ఎక్కుతున్నది. మూడు వేల మీటర్లు దాటిన తరువాత, రాత్రి పడుకునే చోటు ముందురాత్రి పడుకున్న చోటికంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదని కొండవైద్యంలో అందరూ అంగీకరించిన నియమం. దానిని పాటించకపోతే తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. నడక తూలుతున్నా, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా, తెల్లవారే వరకు ఆగకుండా కిందికి దిగడం ఒక్కటే మార్గం. ఏడేళ్ల పిల్లవాడు తన బాధను సరిగా చెప్పలేడు, అలసట అనుకుని పెద్దలు పడుకోబెడతారు. నాకున్న భయం అదే.

ఇంకొకటి, మే నెలలో ఆ దారి మీద మంచు ఉంటుంది. సాధారణంగా జూన్‌లో గాని దారి తెరవరు. 2023 జూలైలో అకాలంగా కురిసిన మంచుకు అక్కడి క్యాంపుల్లో 250 మందికి పైగా చిక్కుకుపోతే, వాళ్లను బయటికి తేవడానికి రోజులు పట్టింది.

హంద్రీఒడ్డు (పత్తికొండ):
నర్సు అక్క చెప్పినది న్యాయమైన మాట. షిమ్లా, కిన్నౌర్, కాజా మీదుగా నెమ్మదిగా ఎక్కుతూ వెళితే శరీరం అలవాటుపడుతుంది గాని దానికి పది రోజుల పైన వ్యవధి కావాలి, పిల్లలు ఇంకొంచెం పెద్దవాళ్లు కావాలి. అయితే వెళ్లేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. ఆ సరస్సుకు 2005లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అన్న గుర్తింపు, వచ్చింది. ఒడ్డున గుడారాలు వేయనివ్వరు, కొన్ని కిలోమీటర్ల ఇవతల వేసుకోవాలి. ఆ నిషేధం వల్లనే ఆ నీళ్లు ఇంకా అలా ఉన్నాయి.

బురుజునీడ (కర్నూలు):
దగ్గరి చల్లని చోట్లలో ఊటీ, కొడైకెనాల్ పేర్లు తప్పక వస్తాయి కాబట్టి వాటి సంగతి క్లుప్తంగా చెబుతాను. కర్నూలు నుంచి అనంతపురం, బెంగళూరు, సేలం మీదుగా దిండిగల్ వరకు 44వ నంబరు జాతీయ రహదారి ఒక్కటే, కారులో పోవడం సులువు. కాని మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ రెండు కొండలకూ ఈ-పాస్ తప్పనిసరి అయింది, 2025 ఏప్రిల్ నుంచి రోజుకు ఇన్ని వాహనాలేనన్న పరిమితి కూడా వచ్చింది. కొడైకెనాల్ సరస్సు 1863లో కట్టిన నక్షత్రాకారపు చెరువు. దాని చుట్టూ ఊరు ఉన్నది గాని ఒడ్డున గుడారం వేసే వీలు లేదు. చుట్టుపక్కల తోటల్లో అనుమతి లేని టెంట్లు అద్దెకిచ్చేవారు కనబడతారు. అటువంటి చోట దిగవద్దు. 2021 జనవరిలో కేరళలోని వయనాడ్ జిల్లా మేప్పాడి దగ్గర గుడారంలో ఉన్న ఒక పర్యాటకురాలు ఏనుగు దాడిలో చనిపోయారు. అడవి అంచున గుడారం ఎక్కడ వేయవచ్చునో తేల్చవలసినది అటవీశాఖ, తోట యజమాని కాదు.

చిత్రావతి (ధర్మవరం):
అనంతయాత్రి గారూ, మీరు కోరుకున్నవన్నీ ఒకచోట కలిసేది నా దృష్టిలో ఉత్తరాఖండ్‌లోని సాత్‌తాల్. మేము పిల్లలతో, అత్తగారితో అక్కడికి వెళ్లి వచ్చినవాళ్లమే కాబట్టి నమ్మకంగా చెబుతున్నాను.

నైనీతాల్ జిల్లాలో భీమ్‌తాల్‌కు దగ్గరగా, దాదాపు 1,370 మీటర్ల ఎత్తున, ఓక్ చెట్లూ పైన్ చెట్లూ కమ్ముకున్న అడవిలో ఒకదానితో ఒకటి కలిసి ఉన్న మంచినీటి సరస్సులవి. ఎత్తు హార్సిలీ కొండకంటే కొంచెమే ఎక్కువైనా, బాగా ఉత్తరాన ఉండడం వల్ల, అడవి నీడ వల్ల మే నెలలో పగలు 30 డిగ్రీలకు అటూ ఇటూ, రాత్రి ఉన్ని శాలువా కావాలనిపించేంత చల్లగా ఉంటుంది. నర్సు గారు చెప్పిన, ఎత్తువల్ల వచ్చే కొండజబ్బు భయం అక్కడ లేదు. పక్షులు చూసేవారికి అది పేరున్న చోటు. తెల్లవారుజామున గుడారం జిప్పు తీయకముందే వాటి కూతలు మొదలవుతాయి.

అనంతపురం వారికి ప్రయాణం కూడా సులువే. బెంగళూరు నుంచి వచ్చే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ అనంతపురం, గుంతకల్లు, ఆదోని మీదుగా న్యూఢిల్లీ చేరుతుంది. కడప, కర్నూలు వారికి తిరుపతి నుంచి హజ్రత్ నిజాముద్దీన్ వెళ్లే సంపర్క్ క్రాంతి ఉన్నది. ఢిల్లీలో రాత్రి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కాఠ్‌గోదాం. అక్కడితో రైలుపట్టా అయిపోయి కొండ మొదలవుతుంది. అక్కడి నుంచి టాక్సీలో భీమ్‌తాల్ దాదాపు 20 కిలోమీటర్లు, సాత్‌తాల్ ఇంకొంచెం. రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు కాబట్టి ఆ ఉదయమే టికెట్టు తీసుకోండి. శని, ఆదివారాల్లో మాత్రం చేరుకోవద్దు. కైంచీధాం ఆశ్రమానికి పోయే జనంతో భవాలీ దారి నిండిపోతుంది. జూన్ 15న అక్కడ జరిగే ఉత్సవం దగ్గరపడేకొద్దీ ఇంకా ఎక్కువ.

మీ అమ్మగారి గురించి ఒక మాట. వంగి దూరే చిన్న గుడారాలు ఆవిడకు పనికిరావు. నిలబడి నడవగల ఎత్తు, లోపల మంచం, పక్కనే స్నానాల గది ఉన్న స్విస్ టెంట్లు కొన్ని క్యాంపుల్లో ఉంటాయి. ఆవిడకు, పిల్లవాడికి అటువంటిది ఒకటి తీసుకుని, మీరు అమ్మాయితో పక్కన చిన్న గుడారం వేసుకోండి. క్యాంపువారిని ఫోనులో మూడు సంగతులు తప్పక అడగాలి: గుడారం నుంచి మరుగుదొడ్డికి ఎన్ని మెట్లు ఉన్నాయి, అందులో కమోడ్ ఉన్నదా, రాత్రి దారిలో వెలుతురు ఉంటుందా. ఫోటోల్లో ఎప్పుడూ సరస్సు కనిపిస్తుంది, మెట్లు కనిపించవు.

అనంతయాత్రి (అనంతపురం):
చిత్రావతి గారూ, ఎంతో వివరంగా రాశారు, మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఇంకా కొన్ని సందేహాలున్నాయి. వంట మేమే చేసుకోవాలని ఉన్నది. ఇంటినుంచి చిన్న గ్యాసు పొయ్యి తీసుకుపోవచ్చా? రాత్రి చలిమంట వేసుకోవచ్చా? మా అబ్బాయికి తోట బావిలో ఈత నేర్పించాను, సరస్సులో దించవచ్చా?

పెన్నాతీరం (జమ్మలమడుగు):
గ్యాసు సిలిండరు, ఎంత చిన్నదైనా, రైలులో తీసుకుపోవడం నేరం. 2023 ఆగస్టు 26న మదురై స్టేషను దగ్గర ఆగి ఉన్న పర్యాటకుల బోగీలో రహస్యంగా తెచ్చుకున్న సిలిండరు వల్ల మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. పొయ్యి క్యాంపులోనే అద్దెకు అడగండి.

చలిమంట విషయంలో నా అభిప్రాయం కఠినంగా ఉంటుంది. ఉత్తరాఖండ్ అడవుల్లో ఏప్రిల్, మే నెలలు నిప్పు కాలం. పైన్ చెట్ల ఎండు సూదులు నేలమీద మందంగా పరుచుకుని ఉంటాయి. వాటిని అక్కడివారు పిరూల్ అంటారు. ఒక్క నిప్పురవ్వకు కొండ మొత్తం అంటుకుంటుంది. 2024 ఏప్రిల్‌లో నైనీతాల్ చుట్టుపక్కల అడవులు తగలబడినప్పుడు, వైమానిక దళం హెలికాప్టరు సాక్షాత్తూ భీమ్‌తాల్ సరస్సులోనే బకెట్టు ముంచి నీళ్లు మోసింది. చిత్రావతి గారు చెప్పిన సాత్‌తాల్‌కు దగ్గరి సరస్సు అదే.

తుంగభద్రవాసి (మంత్రాలయం):
మన్నించాలి, ఈ ఒక్కదానితో నేను ఏకీభవించలేను. గుడారాల ముందు మంట చుట్టూ కూర్చుని కథలు చెప్పుకోవడమే కదా పిల్లలకు గుర్తుండేది? చుట్టూ రాళ్లు పేర్చి, పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకుని చిన్న మంట వేసుకుంటే తప్పేమిటి?

పెన్నాతీరం (జమ్మలమడుగు):
మీ మనసు నాకు అర్థమైంది. క్యాంపువారు అటవీశాఖ అనుమతితో, చుట్టూ నేల చదును చేసి, ఇనుప తొట్టిలో వేసే మంట ఉంటే దాని దగ్గర కూర్చోండి. అది కాక మనంతట మనం అడవిలో పుల్లలు ఏరి వెలిగించేది మాత్రం వద్దు. గాలి ఒక్కసారి మళ్లితే బకెట్టు నీళ్లు ఏ మూలకూ చాలవు. రాళ్ల మధ్య ఆరిపోయినట్టు కనిపించిన బూడిద కింద నిప్పు మరునాటి దాకా ఉంటుంది. అభయారణ్యాల్లో నిప్పు పెట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నేరుగా నిషేధించింది. కథలు లాంతరు వెలుగులోనూ చెప్పుకోవచ్చు.

పినాకినినర్సు (కడప):
మంట సంగతి వచ్చింది కాబట్టి దీనిని అందరూ గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. చలి పెట్టిందని బొగ్గుల కుంపటిని గుడారం లోపలికి తెచ్చుకోవద్దు. మంట లేకపోయినా, పొగ కనబడకపోయినా, బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది, దానికి వాసన ఉండదు. నిద్రలో ఉన్నవారికి మెలకువ రాదు. గ్యాసు పొయ్యి కూడా అంతే, బయటనే వెలిగించాలి. చలికి మందు ఏమిటంటే, ఒంటి కింద మంచి పరుపు. శరీరంలోని వేడిని గాలికంటే నేల ఎక్కువగా లాగేస్తుంది కాబట్టి, పైన రెండు దుప్పట్లు కప్పుకునే బదులు కింద దళసరి ఫోమ్ చాప వేసుకోవడం మేలు.

బావిలో నేర్చిన ఈత గురించి: మన బావుల్లో దిగేవారికి నీళ్ల లోతు భయం పోతుంది, అది మంచిదే. కాని కొండ సరస్సులో పైన మూరెడు నీళ్లు ఎండకు వెచ్చగా ఉండి, కింద ఒక్కసారిగా చల్లబడతాయి. చల్లని నీరు ఒంటికి తగలగానే మనిషి ప్రయత్నం లేకుండానే గట్టిగా ఊపిరి లాగుతాడు. ఆ క్షణంలో ముఖం నీళ్లలో ఉంటే ఈత వచ్చినవాడైనా మునుగుతాడు. బావికి మెట్లుంటాయి, పట్టుకోవడానికి గోడ ఉంటుంది. సరస్సు ఒడ్డున బురద, నాచు తప్ప ఏమీ ఉండవు. అబ్బాయికి లైఫ్ జాకెట్టు వేసి పడవలో తిప్పండి. ఒడ్డున మోకాటి లోతులో ఆడుకోనివ్వండి. అంతే చాలు.

చిత్రావతి (ధర్మవరం):
వంటకు నా సలహా: మొదటి రోజుకు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ తీసుకుపోండి, కటిక రొట్టెలైతే ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తాయి. బొరుగులు ఉంటే ఉగ్గాణి ఎక్కడైనా పావుగంటలో అవుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున. సాత్‌తాల్‌లో 95 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి గిన్నెలో కందిపప్పు ఉడకడానికి ఇంటికంటే ఎక్కువసేపు పడుతుంది; చిన్న కుక్కరు ఉంటే ఆ ఇబ్బంది ఉండదు. తాగే నీళ్లను తెర్లనిచ్చి చల్లార్చుకోండి. సరస్సు నీళ్లు ఎంత తేటగా కనిపించినా అలాగే తాగకూడదు. మిగిలిన తిండిని గుడారంలో దాచవద్దు, కోతులు గుడ్డ చింపి లోపలికి వస్తాయి. మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టి క్యాంపు వంటగదిలో ఇవ్వండి.

వేమననేల (కదిరి):
ఇంతసేపు మన సుఖం గురించే మాట్లాడుకున్నాము, ఆ నీళ్ల గురించి కూడా కొంత రాయాలనిపించింది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉన్నది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమనే ఆ చెరువును తవ్వించి, చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలనూ, రాకూడని ఆరు దోషాలనూ రాతిమీద చెక్కించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశారని అందులోనే ఉన్నది. నీటికోసం ఇంత శ్రమపడిన నేల నుంచి వెళుతున్న మనం ఇంకొకరి సరస్సు ఒడ్డున సబ్బుతో గిన్నెలు తోమితే అది నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. భీమ్‌తాల్, సాత్‌తాల్ చుట్టూ ఉన్న ఊళ్ల బతుకు ఆ నీళ్లమీదనే ఆధారపడి ఉన్నది.

చేయవలసినది పెద్ద పనేమీ కాదు. గుడారమైనా, గిన్నెలు తోమడమైనా, స్నానమైనా నీటి అంచు నుంచి కనీసం 60 మీటర్ల దూరంలో, అంటే పెద్దవాళ్ల అంగలు దాదాపు డెబ్బై వేసిన తరువాతే. సబ్బు నీళ్లను నేలమీద చల్లితే మట్టి వాటిని కొంతవరకు విరుస్తుంది. సరస్సులో కలిస్తే ఎక్కడికీ పోవు. మొక్కలనుంచి తీసిన సబ్బు అని డబ్బామీద రాసినా నీళ్లలో కలపడానికి అనుమతి ఇచ్చినట్టు కాదు. నడకకు వెళ్లినప్పుడు పిల్లలకు అవసరం వస్తే అంతే దూరంలో జానెడు లోతు గుంట తవ్వి, పని అయ్యాక మట్టితో పూడ్చాలి. కాగితాలు, డైపర్లు మాత్రం సంచిలో వెనక్కి తీసుకురావాలి.

బురుజునీడ (కర్నూలు):
వేమననేల గారు చెప్పిన దూరం మన నిద్రకు కూడా మంచిదే. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట జారి, పల్లంలో ఉన్న సరస్సు అంచున చేరుతుంది. అక్కడ గుడారం వేస్తే తెల్లవారేసరికి లోపలి గుడ్డంతా తడిసి, పడకమీద చుక్కలు రాలుతాయి. కొంచెం మెరకన, ఉదయపు ఎండ ముందుగా తగిలే వైపు వేస్తే ఈ బాధ ఉండదు. చలి అని కిటికీలన్నీ మూసేయకండి. మనం వదిలిన ఊపిరి తేమ బయటికి పోవడానికి పైన కొంత తెరిచి ఉంచాలి. కింద పరిచే టార్పాలిన్ పట్ట గుడారం అంచు దాటి బయటికి కనబడకూడదు, వాన వస్తే ఆ అంచు మీద పడిన నీళ్లన్నీ మీ పరుపు కిందికే చేరతాయి. మే మధ్యాహ్నాల్లో ఉరుముల వానలు అక్కడ మామూలే. ఒంటరిగా ఎత్తుగా నిలిచిన చెట్టు కింద గాని, ఎండిన కొమ్మల కింద గాని గుడారం వేయవద్దు. ఉరుములు దగ్గరపడితే నీటిని వదిలి, పక్కా భవనంలోకో కారులోకో వెళ్లండి.

అనంతయాత్రి (అనంతపురం):
సాత్‌తాల్ అని నిర్ణయించుకున్నాము. సోమవారం చేరి శుక్రవారం బయలుదేరుతాము, ఆ లెక్కన కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు చూస్తాను. అమ్మకు మంచం ఉన్న టెంటు, మెట్లు లేని దారి ఉన్న క్యాంపు ఒకటి ఫోనులో దొరికింది. వాళ్లు మరుగుదొడ్డి ఫోటో కూడా పంపించారు. చిన్న గుడారం మాత్రం మేము కొనాలి. నలుగురు పట్టేదని రాసినది నలుగురికీ సరిపోతుందా? కొనే ముందు ఇంకేమి చూడాలి?

చిత్రావతి (ధర్మవరం):
నలుగురికని రాసినదాంట్లో పెద్దవాళ్లు ఇద్దరు, ఒక పిల్ల, సంచులు సుఖంగా పడతాయి, అంతే. మీరిద్దరూ అమ్మాయీ కాబట్టి అదే తీసుకోండి. లోపల దోమతెర గుడ్డ, పైన వేరుగా వాన గుడ్డ, అలా రెండు పొరలున్నది చూడండి. వాన గుడ్డకు నీటిని ఆపే శక్తిని మిల్లీమీటర్లలో రాస్తారు. 2,000 గాని అంతకు పైన గాని ఉంటే ఆ ఉరుముల వానకు తట్టుకుంటుంది. కుట్ల వెంట లోపలి వైపు టేపు అంటించి ఉన్నదో లేదో వేలితో తడిమి చూడండి. వచ్చిన రోజే మిద్దెమీద ఒకసారి వేసి, మీ అమ్మాయి చేతనే గొట్టాలు కలిపించండి, రాత్రి అక్కడే పడుకోనివ్వండి. మిద్దెమీద మేకులు దిగవు కాబట్టి మూలలకు ఇటుకలు కట్టాలి. తిరుగు ప్రయాణంలో తడి గుడారాన్ని మడిచి సంచిలో కుక్కవలసి వస్తే, ఇంటికి రాగానే నీడన పూర్తిగా ఆరబెట్టండి. మన ఎండలో నేరుగా వేస్తే ఆ గుడ్డమీది పూత త్వరగా పాడవుతుంది.